పల్నాటి రాతిలో రోము ద్రాక్ష

ఎండాకాలం ముదిరిందంటే వార్తల్లో రెంటచింతల పేరు వినపడుతుంది. రాష్ట్రమంతటికీ ఎక్కువ ఎండ అక్కడ కాసిందని చెబుతారు. బయటివాళ్లకు పల్నాడంటే ముందు ఆ ఎండే గుర్తొస్తుంది. ఆ తర్వాత పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల నాపరాళ్లు, ఎర్రగా పరుచుకున్న మిరప కళ్లాలు, కారంపూడి వీరుల తిరునాళ్లు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో కూడా ఇది రాళ్ల సీమ, జొన్నకూటి సీమ. సన్నబియ్యపన్నానికి అలవాటు పడిన ఆ కవికి ఇక్కడి భోజనం మింగుడు పడలేదు.

ఇలాంటి నేల మీద ఒక శిల్పి, ఇంచుమించు 1700 ఏళ్ల కిందట, ద్రాక్ష మద్యం తాగే గ్రీకు దేవుణ్ణి రాతిలో చెక్కాడు.

మాచర్లకు పాతిక కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకు రాజుల ప్రాసాదం ఉన్న చోట ఆ రాయి బయటపడింది. మనిషి నిలబడి ఉన్నాడు. నడుము పైన బట్ట లేదు. పల్చటి గడ్డం. చేతిలో కొమ్ము ఆకారంలో ఉన్న పానపాత్ర. పక్కన నేల మీద మద్యం నింపిన పెద్ద పాత్ర. మన శిల్పంలో యక్షులు, నాగరాజులు, చామరం పట్టిన స్త్రీలు కోకొల్లలుగా ఉన్నారు, కానీ కొమ్ముపాత్ర మనది కాదు. మధ్యధరా సముద్రం నుంచి ఇరాన్ దాకా విందుల్లో వాడిన పాత్ర అది. అందుకే ఈ మనిషిని గ్రీకుల డయొనైసస్‌గా, రోమన్ల బాకస్‌గా చరిత్రకారులు పోల్చారు. అదే ప్రాసాద స్థలంలో మరో రాతి మీద శకుల సైనికుడున్నాడు. తలకు టోపీ, ఒంటికి పొడుగు చేతుల అంగీ, కాళ్లకు షరాయి, చేతిలో ఈటె. మే నెలలో పల్నాట్లో ఎవరూ తొడుక్కోని దుస్తులవి. చలిదేశం నుంచి వచ్చిన మనిషిని శిల్పి కళ్లారా చూసి ఉంటాడని నాకు గట్టి నమ్మకం. అంగీ ముడతలు, షరాయి కుచ్చిళ్లు ఊహించి చెక్కేవి కావు.

ఈ లోయ చరిత్ర ఒక బడిపంతులు కళ్లతో మొదలైంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడ పాతకాలపు రాతి స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న ఎ.ఆర్. సరస్వతి వచ్చి పరిశీలించారు. ఆ తర్వాత ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు తవ్వించారు. ఆయన నివేదిక 1938లో అచ్చయింది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేయడానికి ముందే, మునిగిపోయేలోగా లోయనంతా తవ్వాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాయి. ఆరేళ్లు సాగాయి. వందకు పైగా కట్టడాలు వెలుగు చూశాయి. ప్రాసాదం ఉన్న స్థలం ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగున ఉంది. ఎత్తుగా ఉన్న కొండ దీవిగా మిగిలింది, మ్యూజియం దాని మీద ఉంది.

ఈ లోయలోనే ఉన్న ఇక్ష్వాకుల విజయపురి మూడో శతాబ్దపు రాజధాని. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యాన్ని నిలబెట్టింది. తర్వాత వచ్చిన వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకరు ఉజ్జయినికి చెందిన శక రాకుమారి. తమలపాకుల వర్తకులకు ఒక శ్రేణి, పిండివంటలు చేసి అమ్మేవాళ్లకు ఒక శ్రేణి ఉన్నట్టు శాసనాలు చెబుతాయి. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళ ఆచార్యులు బుద్ధుడి ధర్మం చాటిన దేశాల వరస ఉంది. కశ్మీర, గాంధార, చీన, వంగ, తోసలి, వనవాసిలతో పాటు యవన దేశమూ అందులో చేరింది. అదే శాసనం కంటకశిలను కూడా చెబుతుంది. అది కృష్ణా డెల్టాలోని నేటి ఘంటసాల. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని ప్రపంచ భూగోళం రాసిన టాలెమీకి కూడా ఆ రేవు తెలుసు, కొంటకొస్సిల అన్నాడు. మాచర్ల పక్కన ఉన్న శాసనంలోనూ, ఈజిప్టులో రాసిన గ్రంథంలోనూ ఒకే రేవు పేరుందంటే ఆ రేవుకి ఎంత రాకపోకలుండేవో ఆలోచించండి.

వచ్చినవాళ్లు బంగారం పారబోసి వెళ్లారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఒకటి తిబేరియస్ చక్రవర్తిది, క్రీస్తుశకం 14 నుంచి 37 వరకు ఏలినవాడు. ఇంకొకటి ఆంటొనినస్ పయస్ భార్య ఫౌస్తినాది, ఆవిడ పోయిన 141 ప్రాంతానిది. అంతకు చాలా ముందే, 1889లో, వినుకొండలో 15 రోమన్ బంగారు నాణేలు ఒక్కచోట దొరికాయి. తిబేరియస్ నుంచి మూడో శతాబ్దం తొలినాళ్ల కారకల్లా వరకు రెండు వందల ఏళ్ల పాలకుల బొమ్మలు వాటి మీద ఉన్నాయి. వినుకొండ సముద్రానికి దగ్గరూరు కాదు. నల్లమల అంచు. అక్కడిదాకా రోము బంగారం నడిచొచ్చింది.

ఆ బంగారం ఎందుకొచ్చిందో రోమన్లే చెప్పుకుని బాధపడ్డారు. ఏటా భారతదేశానికి 5 కోట్ల సెస్టెర్సులకు తక్కువ కాకుండా పోతున్నాయని ప్లినీ మొదటి శతాబ్దంలో రాశాడు. మిరియాలు, ముత్యాలు, రత్నాలు, సన్నబట్ట కోసం. ఎర్ర సముద్రపు వర్తకుల దారి పుస్తకం పెరిప్లస్, కృష్ణా ముఖద్వారపు సీమను మసాలియా అని పిలిచి, అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా నేస్తారని చెప్పింది. ఆ బట్టకు బదులుగా ఓడలు తెచ్చిన సరుకుల్లో వైన్ ఉంది. బరుగజ, అంటే గుజరాత్ భరుచ్ రేవులో దిగే సరుకుల పట్టికలో పెరిప్లస్ ముందు రాసింది వైనే. ఇటలీ వైన్‌కు గిరాకీ ఎక్కువ, తర్వాత సిరియా లవొడికియాది, అరేబియాది అని వివరంగా చెప్పింది. రాజుగారి కోసం వేరుగా మేలురకం వైన్, వెండి పాత్రలు దింపేవాళ్లు. పైఠాన్ నుంచి, తగర అనే నేటి తేర్ నుంచి సరుకు బండ్ల మీద భరుచ్‌కు నడిచేది. తూర్పు తీరపు బట్టలు కూడా తేర్‌కి చేరి పడమటి రేవులకు పోయేవి.

ఇటలీ నుంచి ఒక్క పాత్ర ఇక్కడికి రావాలంటే ఏం జరగాలో చూస్తే ఆ వైన్ విలువ తెలుస్తుంది. పాత్ర పేరు యాంఫొరా. పొడుగాటి మట్టి కూజా, మెడకు అటూఇటూ రెండు చెవులు, అడుగు మొనదేలి ఉంటుంది. నేల మీద నిలబడదు, ఇసకలోనో ఓడ అడుగున తోటి పాత్రల సందుల్లోనో గుచ్చి నిలబెట్టాలి. పట్టేది ఇంచుమించు 26 లీటర్లు, నిండితే నలభై కిలోల దాకా బరువు. మట్టి చెమ్మ పీల్చకుండా లోపలంతా చెట్టు జిగురు కాచి పూసేవాళ్లు. మూతికి బెరడు బిరడా బిగించి, పైన సున్నపు గచ్చు పోసేవాళ్లు. నేపుల్స్ దగ్గర పుతెయోలిలో ఓడెక్కితే అలెగ్జాండ్రియా. అక్కడినుంచి పడవ మీద నైలు నదికి ఎదురు ఈదుతూ కొప్తోస్. కొప్తోస్ నుంచి ఒంటెల మీద పన్నెండు రోజులు ఎడారిలో, చాలావరకు రాత్రిపూట నడిచి, ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికె. అక్కడి తవ్వకాల్లో మొదటి శతాబ్దపు సుంకం చీటీలు దొరికాయి. కుండపెంకుల మీద సిరాతో రాసిన చీటీలు. ఫలానావాడి సరుకు, ఇన్ని ‘ఇటాలికా’, వదిలిపెట్టండి అని. మన రేవుల్లో దిగే ముందు ఇటలీ వైన్‌కు పడిన ముద్రలవి. జులైలో బయలుదేరి నైరుతి గాలిని పట్టుకుంటే సెప్టెంబర్ ప్రాంతానికి మన తీరం. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్, ఆ తర్వాత 1989 నుంచి విమలా బెగ్లీ బృందం తవ్వినప్పుడు యాంఫొరా ముక్కలు కుప్పలుగా దొరికాయి. కొన్నిటి మట్టిలో నల్లటి అగ్నిపర్వతపు ఇసక మెరుస్తుంటుంది. వెసూవియస్ కొండ చుట్టుపక్కల, అంటే కాంపానియా సీమలో చేసిన కుండలకు ఆనవాలు అదే.

కృష్ణ ఒడ్డున ధరణికోట కూడా ఈ కథలోదే. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి మండలం ఇందులోకి వచ్చింది కాబట్టి అది కూడా ఇప్పుడు పల్నాడే. 1962-65 మధ్య ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి అక్కడ తవ్వినప్పుడు కృష్ణ నుంచి తీసిన కాలువ, దాని ఒడ్డున సరుకు దించే రేవు కట్టడం బయటపడ్డాయి. సముద్రపు వర్తకానికి గుర్తుగా చరిత్రకారులు చెప్పే చక్రాల నగిషీ పళ్లాలు కూడా దొరికాయి.

కాలం లెక్క ఒకటి చెప్పుకోవాలి. ఇటలీ వైన్ మన తీరానికి జోరుగా వచ్చింది క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దం నుంచి క్రీస్తుశకం ఒకటో శతాబ్దం దాకా. 79లో వెసూవియస్ పేలి పాంపే ద్రాక్షతోటలు బూడిదలో మునిగాయి. ఇక్ష్వాకుల శిల్పి ఉలి పట్టింది మరో రెండు శతాబ్దాల తర్వాత. అంటే ఆ రాతి మనిషి వర్తకపు తొలి పొంగునాటివాడు కాదు. వర్తకం నెమ్మదించినా పోని జ్ఞాపకం అతను. నాకు అందులోనే గొప్ప కనిపిస్తుంది. సరుకు రెండు మూడు తరాల్లో తాగేస్తే అయిపోతుంది. దాన్ని తాగే పద్ధతి, పట్టుకునే పాత్ర, తాగే దేవుడి భంగిమ మాత్రం ఇన్నేళ్లు నిలిచి, కృష్ణ ఒడ్డున రాజుగారి ఇంటి రాతికెక్కాయి.

మద్యం మనకు అంతకుముందు తెలియనిదేమీ కాదు. ద్రాక్షరసంతో చేసేదాన్ని అర్థశాస్త్రం మధువని పిలిచి, అది పుట్టిన చోట్లను బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పింది. కాపిశాయనం అఫ్గానిస్తాన్‌లోని కపిశది. ఏ ఊరి ద్రాక్షో చెప్పి ధర కట్టే అలవాటు అప్పటికే ఇక్కడుంది. ఇటలీ వాళ్లదీ అదే అలవాటు, ఈనాటికీ.

రోమన్లు తాగిన వైన్ ఇప్పటి సీసాలోది కాదు. వైన్‌కు నాలుగు రంగులని ప్లినీ చెప్పాడు. తెలుపు, పసుపు కలిసిన గోధుమ, నెత్తుటి ఎరుపు, నలుపు. కాంపానియాలో మాస్సికస్ కొండ వాలున పండే ఫలెర్నియన్‌కు అన్నిటికంటే పేరు. దాంట్లో గరుకు, తీపి, పలచన అని మూడు రకాలు. నిప్పు తగిలిస్తే మండే వైన్ అదొక్కటేనని కూడా రాశాడు. క్రీస్తుకు ముందు 121లో ఒపీమియస్ కాన్సుల్‌గా ఉన్న ఏడాది పంట నూరేళ్లు దాటినా పెద్దల విందుల్లో కథలుగా నిలిచింది. వాళ్లెవరూ వైన్‌ను వట్టిగా తాగేవాళ్లు కాదు, నీళ్లు కలిపేవాళ్లు. వట్టిది తాగితే మొరటువాడని అర్థం. తేనె కలిపి విందుకు ముందు ఇచ్చేవాళ్లు. గ్రీకుల కోస్ దీవి వైన్‌లా ఉండాలని సముద్రపు నీళ్లు కలిపే పద్ధతిని రోమన్ రచయిత కాటో రాసిపెట్టాడు. కలపడం అనే విద్య ఇటలీలో ఇంత పాతది.

పాంపే తోటల్లో ఏముండేవో మనకు తెలిసిన తీరు అబ్బురం. 1960ల్లో విల్హెల్మినా జాషెంస్కీ అనే పరిశోధకురాలు బూడిద పొరల్లో చిన్న చిన్న బొరియలు చూశారు. ఒకప్పుడు వేళ్లున్న చోట్లవి. వేళ్లు కుళ్లిపోగా మిగిలిన ఆ ఖాళీల్లోంచి అగ్నిపర్వతపు గుల్లరాయి తీసేసి సిమెంటు పోశారు. గట్టిపడ్డాక తవ్వితే వేరు ఆకారం అచ్చుగా వచ్చింది. అలా ఒకే తోటలో రెండు వేలకు పైగా ద్రాక్ష తీగలు ఉన్నట్టు, వాటి మధ్య ఎంత ఎడం ఉండేదో కూడా తేలింది. 1990ల్లో మాస్త్రొబెరార్దీనో అనే కాంపానియా వైన్ కుటుంబం అవే చోట్లలో తీగలు మళ్లీ నాటింది. 2001లో తొలి పంట వచ్చింది. పియెదిరోస్సో, ష్యాషినోసో అనే అక్కడి పాత ఎర్ర ద్రాక్షలు కలిపి చేసిన వైన్ అది. మన విజయపురి నీళ్లకింద ఉంటే వాళ్ల పాంపే బూడిదకింద ఉండేది. వాళ్లు తోటను కూడా వెనక్కి తెచ్చుకున్నారు.

ఆ కాంపానియా నుంచే ఇటలీ ఎర్ర వైన్ల స్వభావం అర్థం చేసుకోవడం మొదలుపెట్టొచ్చు. అక్కడి మెట్ట పొలాల్లో అగ్నిపర్వతపు మట్టిలో ఆల్యానికో అనే ద్రాక్ష పండుతుంది. ఆలస్యంగా, అక్టోబర్ చివరిదాకా తీగ మీదే ఉంటుంది. దాంతో చేసే తౌరాజీ వైన్ ముదురు రంగు, గట్టి పులుపు, అంతకంటే గట్టి వగరు. వయసొస్తే గానీ మాట వినదు. ఉత్తరాన ఆల్ప్స్ కొండల నీడలో, పియెమోంతె సీమలో నెబియోలో పండుతుంది. కోతల కాలంలో లోయల్ని మంచు కమ్ముతుంది. ఈ ద్రాక్షతో చేసే బరోలో గ్లాసులో పోస్తే రంగు పలచగా, ఇటుక ఛాయలో, అవతలి వేళ్లు కనపడేలా ఉంటుంది. చూసి తేలికనుకుంటే పొరపాటు. నేరేడుపళ్లు గుప్పెడు తిన్నప్పుడు నాలుక బిగుసుకున్నట్టు చిగుళ్లన్నీ పట్టేస్తుంది. గులాబీ, తారు, ఎండిన చెర్రీ వాసనలు. చట్టం ప్రకారం కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాలో ఆగాకే బరోలో పేరు పెట్టాలి. పక్కనే పండే బర్బేరా దీనికి పూర్తిగా వేరు. పులుపు ఎక్కువ, వగరు తక్కువ, కుర్రతనంలోనే తాగేయొచ్చు. పియెమోంతెలో ఇళ్లలో రోజూ బల్ల మీద ఉండేది అది.

నడుమ తొస్కానా. ఇక్కడ సాంజొవేజె ద్రాక్షదే రాజ్యం. ఇటలీ అంతటిలోనూ ఎక్కువగా సాగయ్యే ద్రాక్ష అదే. పుల్ల చెర్రీ రుచి, ఎండుటాకుల వాసన, చివర్న కొద్దిపాటి చేదు. మోంతల్చీనోలో దాన్ని ఒక్కదాన్నే వాడి బ్రునెల్లో చేస్తారు. కియాంతీలో ఇతర రకాలతో కలుపుతారు. ఈ కలపడం కథ తెలుసుకోవాల్సిందే. మెదీచీ వంశపు మూడో కోసిమో 1716లోనే కియాంతీ ఎల్లలు గీసి ప్రకటన చేశాడు. ఇటలీకి రెండుసార్లు ప్రధానమంత్రిగా చేసిన బెత్తీనో రికాసోలి తన బ్రోల్యో కోటలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1872లో పీసా ప్రొఫెసర్‌కు రాసిన ఉత్తరంలో పాళ్లు తేల్చాడు. వాసనకూ బలానికీ సాంజొవేజె. దాని కరుకుదనం తగ్గించడానికి కనాయోలో. త్వరగా తాగేసే రకానికి మాత్రం కాస్త మల్వాసియా అనే తెల్ల ద్రాక్ష. దాచిపెట్టే వైన్‌కు తెల్లది వద్దని కూడా చెప్పాడు. ఆ తర్వాతి తరం ఈ చివరి మాట వదిలేసింది. 1967లో వచ్చిన కియాంతీ నిబంధనల్లో తెల్ల ద్రాక్ష పదో వంతు నుంచి మూడో వంతుకు దగ్గరగా కలపాల్సిందేనని రాశారు. వైన్ పలచబడింది, పేరు పోయింది.

అప్పుడు నిబంధన దాటినవాళ్లు తొస్కానాను నిలబెట్టారు. సముద్రపు ఒడ్డున బోల్గెరిలో మార్యో ఇంచీజా దెల్లా రొక్కెత్తా ఫ్రెంచి ద్రాక్ష కాబర్నే నాటి సస్సికాయా చేశాడు. 1968 పంట బజారుకొచ్చింది. అంతినోరి కుటుంబం 1971 పంటతో తిన్యనెల్లో చేసి, తర్వాతి ఏళ్లలో తెల్ల ద్రాక్షకు సెలవిచ్చి, సాంజొవేజెకు కాబర్నే జోడించింది. అప్పటి నిబంధన ప్రకారం ఇవన్నీ కిందిరకం బల్ల వైన్లు. ధరలు మాత్రం బరోలోని మించాయి. చివరికి చట్టమే దిగొచ్చింది. ఇప్పుడు కియాంతీ క్లాసికోలో కనీసం 80 శాతం సాంజొవేజె ఉండాలి, 2006 నుంచి తెల్ల ద్రాక్ష అసలు కలపకూడదు. చట్టం కలపమన్న తెల్లది రుచిని పలచన చేసింది. లోటెక్కడుందో నాలుకతో తెలుసుకుని కలిపిన కాబర్నే సాంజొవేజెకు వెన్ను ఇచ్చింది. కలపడంలో ఉన్న తేడా అంతా ఇదే.

వెరోనా దగ్గర ఆమరోనే గురించి ఒక్కమాట. కొర్వీనా, రొందినెల్లా ద్రాక్ష గెలల్ని కోసి, గాలి తగిలే అటకల మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. బరువు మూడో వంతు దాకా తగ్గి రసం చిక్కబడుతుంది. కళ్లాల్లో మిరపకాయ ఆరబోసే మన రైతుకు ఈ ఓపిక వేరే చెప్పనక్కర్లేదు.

పల్నాటి భోజనం పక్కన వీటిలో ఏది నిలుస్తుందన్న ప్రశ్నకు నా జవాబు స్పష్టం. కారం నోట్లో ఉండగా వగరూ ఆల్కహాలూ ఎక్కువున్న వైన్ పడితే మంట రెట్టింపవుతుంది. కాబట్టి బరోలో, ఆమరోనే ఇక్కడి కోడి పులుసుకు సరిపడవు. గోంగూర మాంసం పులుపుకి ఎదురు నిలిచే పులుపు బర్బేరాలోనూ లేత కియాంతీలోనూ ఉంది. అవి కూడా ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి, 16 డిగ్రీలకు దించి పోయాలి. ఐరోపా పుస్తకాల్లో గది వేడి అని రాసిన సలహా రెంటచింతలలో పనిచేయదు. ఇటలీ ఎర్ర వైన్ ఒంటరిగా తాగడానికి చేసింది కాదు. నూనె, టమాటా, మాంసం, రొట్టె పక్కన ఉంటేనే దాని పులుపుకి అర్థం ఉంటుంది. మితం కూడా అందులో భాగమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం చూసిన రాష్ట్రం మనది. మద్యం ఇంటిని ఎలా కూలుస్తుందో వాళ్లకంటే బాగా చెప్పినవాళ్లు లేరు. అన్నం పక్కన గ్లాసుడు, నీళ్లు కలుపుకుని తాగే రోమన్ పద్ధతిని నేను గౌరవించేది అందుకే.

మరి ఈ నేలలో అలాంటి ద్రాక్ష పండదా? రాయి విషయంలో పల్నాడుకి లోటు లేదు. కియాంతీ తోటల కింద సున్నపురాయి ఉంది, బరోలో కింద సున్నం కలిసిన మట్టి ఉంది. పల్నాడు పునాదే సున్నపురాయి, నాగార్జునకొండ శిల్పాలన్నీ ఆ లేతాకుపచ్చ ఛాయ ఉన్న రాతిలో చెక్కినవే. లోటు చలికాలంలో ఉంది. ద్రాక్ష తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోయి లేవాలి. మన దగ్గర అది నిద్రపోదు. అందుకే దక్కనులో ఏటా రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటే తీస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ కూడా తినే ద్రాక్షే, వైన్‌కి కాదు. సాంజొవేజె మాత్రం దక్కను పీఠభూమికి వచ్చింది. తెలుగు పద్మశాలీలు తరాలుగా మగ్గం నడిపిన షోలాపూర్ జిల్లాలోనే, అక్లూజ్ ఊళ్లో ఫ్రటెల్లి సంస్థ తోటలున్నాయి. ఇటలీ నుంచి వచ్చిన సెచ్చీ సోదరులు, ఢిల్లీ సేఖ్రీ సోదరులు, అక్లూజ్ మోహితే-పాటిల్ సోదరులు కలిసి పెట్టారు. తొస్కానాకు చెందిన పియెరో మాసి వైన్ చేసే పని చూసుకున్నారు. సాంజొవేజె, కాబర్నే కలిపిన సెత్తె వాళ్ల పేరున్న వైన్. రికాసోలి పాళ్లు కాదు, తిన్యనెల్లో దారి. పెరిప్లస్ చెప్పిన తేర్ ఊరు కూడా అక్కడికి ఎంతో దూరం లేదు.

నాగార్జునకొండకు వెళ్లేవాళ్లు గుంటూరు నుంచి నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల చేరి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. దీవి చేరడానికి గంటకు కాస్త అటూఇటూ పడుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. దారిలో ఎత్తిపోతల జలపాతం చూసుకోవచ్చు. ముంపు నుంచి తరలించి మళ్లీ కట్టిన మెట్ల రంగస్థలం అనుపులో ఉంది, చుట్టూ వరసలుగా కూర్చునే మెట్లున్న ఆ కట్టడంలో రోము పోలికలు చూసినవాళ్లు ఉన్నారు. దీవి మీద ఎక్కువమంది నిలువెత్తు బుద్ధుడి ముందు ఫొటో దిగి లాంచీకి పరుగెడతారు. తిరుగు లాంచీ వేళ ముందే కనుక్కుని, జాతక కథల పలకల మధ్య చెక్కిన స్త్రీ పురుషుల జంటల్నీ, పరాయి దుస్తుల మనుషుల్నీ తీరిగ్గా చూడండి. టోపీ, షరాయి, అంగీ కుచ్చిళ్లు, పట్టుకున్న పాత్రల ఆకారం గమనించండి. పిల్లలు వెంట ఉంటే బెరెనికె చీటీల కథ, వినుకొండ నాణేల కథ చెప్పి, ఏ రాతి మీద ఎవరి దేశపు మనిషి ఉన్నాడో వాళ్లనే వెతకనివ్వండి.